కంపెనీ: ఒక మాట పుట్టుక, ప్రయాణం

1

'కంపెనీ' అనే మాట తెలియని తెలుగువారు ఈనాడు అరుదు. అక్షరం ముక్క రానివారు కూడా దీన్ని ఇంగ్లీషు మాట అనుకుని వాడరు, తమ మాటగానే వాడతారు. 'మావాడు కంపెనీలో చేస్తున్నాడు' అంటే అది పని చేసే చోటు. 'ఇది కంపెనీ మాలు' అంటే నమ్మదగిన సరుకు. 'కాసేపు కంపెనీ ఇవ్వరాదూ' అంటే తోడుగా కూర్చోమని పిలుపు. యజమాని ఆస్తి, సరుకు నాణ్యత, మనిషికి మనిషి తోడు, ఈ మూడూ ఒక్క మాటలో ఎట్లా ఇమిడాయి? ఈ ప్రశ్న నిఘంటుకారుల కుతూహలం మాత్రమే కాదు. దీనికి సమాధానం వెతుకుతూ పోతే శబ్దచరిత్ర కంటే ఎక్కువగా ఉత్పత్తి సంబంధాల చరిత్ర బయటపడుతుంది. ఆ సంగతి నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వుండేది జవహర్‌నగర్. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు మాకు ఇరుగుపొరుగు. ఉదయం సద్ది డబ్బా చేతపట్టుకుని షిఫ్టుకు పోయేవారిని చూడకుండా ఇక్కడ ఎవరికీ తెల్లవారదు. వాళ్లు ఒకరినొకరు అడిగే ప్రశ్న 'ఏ పని?' అని కాదు, 'ఏ కంపెనీ?' అని. ఇది గమనించదగిన సంగతి. హైదరాబాదులో ఇదివరకు ఇటువంటి చోటును కార్ఖానా అనేవారు. సికింద్రాబాదులో ఒక పేటకు ఆ పేరు ఇంకా మిగిలి వుంది. కార్ఖానా అంటే పని జరిగే ఇల్లు. మిల్లు అన్నా, ఫ్యాక్టరీ అన్నా మనసులో మెదిలేది యంత్రం, పని. కంపెనీ అలా కాదు. అది చోటు పేరు కాదు, పని పేరు కాదు, యాజమాన్యం పేరు. కార్ఖానా పోయి కంపెనీ రావడంతో పని చేసే చోటును పనిని బట్టి కాక, దాని సొంతదారును బట్టి పిలవడం మనకు అలవాటయింది. ఈ మార్పు ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. అయినా అర్థం లేనిది కాదు.

ఇటువంటి మాటల విషయంలో మన పండితులు రెండు పొరపాట్లు చేస్తూ వుంటారు. కొందరు ధాతువు చూపించి, 'ఇదే ఈ మాటకు అసలు అర్థం, తక్కినవన్నీ భ్రష్టరూపాలు' అంటారు. మరికొందరు ఇది పరభాషా పదం గనుక దీన్ని తీసివేసి 'సంస్థ' అని పెట్టుకుంటే సరిపోతుందంటారు. మొదటివారు చరిత్రను మొదటి పేజీ దగ్గర ఆపేస్తారు. రెండవవారు పేజీనే చింపేస్తారు. మాటకు అర్థం ధాతువులో దాక్కుని వుండదు. దాన్ని వాడిన మనుషుల మధ్య వున్న సంబంధాలలో వుంటుంది. ఆ సంబంధాలు మారినప్పుడు అర్థం మారుతుంది. అయితే పాత అర్థం పూర్తిగా చచ్చిపోదు. అడుగున పడి వుండి, కొత్త అర్థాన్ని నిలదీస్తూ వుంటుంది.

2

'కంపెనీ'కి మూలం లాటిన్. 'కుమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. రెండూ కలిసి 'కంపానియో' అయింది. ఒకే రొట్టె పంచుకు తినేవాడు అని అర్థం. ఆరవ శతాబ్ది నాటి ఫ్రాంకుల శాసనగ్రంథం సాలిక్ లాలో ఈ మాట కనిపిస్తుంది. గోతుల భాషలో ఇదే అర్థానికి 'గహ్లైబ' అనే మాట వుంది. దానిలోనూ తోడు అనే ఉపసర్గ ఒకటి, రొట్టె ఒకటి. ఈ జర్మానిక్ మాటనే లాటిన్‌లోకి అనువదించుకున్నారని చాలామంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే ఇది రాజాస్థానంలో పుట్టిన మాట కాదు. ఒక నిప్పు చుట్టూ కూర్చున్న సిపాయిల మధ్య పుట్టినట్టు కనిపిస్తుంది. సైన్యంలో ఒక దళాన్ని ఈనాటికీ 'కంపెనీ' అనడంలో ఆ వాసన మిగిలే వుంది.

ఇంగ్లీషులోనే రొట్టె చుట్టూ అల్లుకున్న మాటలు ఇంకా రెండు వున్నాయి. వాటిని పక్కన పెట్టి చూస్తే గాని దీని విలువ తెలియదు. 'లార్డ్' అనే మాట పాత ఇంగ్లీషులో 'హ్లాఫ్‌వేయర్డ్', అనగా రొట్టెకు కాపలాదారు. 'లేడీ' అనే మాట 'హ్లాఫ్‌డిగె', రొట్టె పిండి పిసికే ఇల్లాలు. ఆ దొర ఇంట పని చేసేవాణ్ణి 'రొట్టె తినేవాడు' అన్నారు. కాపలాదారు, తినేవాడు, పంచుకునేవాడు: ఒకే రొట్టె ముందు మూడు వర్గస్థానాలు. మొదటి రెండింటి మధ్య వున్నది యజమాని, బంటు సంబంధం. మనవైపు కూడా 'ఎవరి ఉప్పు తిన్నామో వారికి ద్రోహం చేయరాదు' అని జీతగాడికి నూరిపోసిన నీతి ఇదే. మూడవ స్థానం ఒక్కటే సమానుల మధ్య సంబంధం. కంపెనీ పుట్టింది ఆ మూడవ స్థానంలో.

3

ఇది పడమటివారికి మాత్రమే తట్టిన ఊహ కాదు. అమరకోశం సహభోజనానికి 'సగ్ధి' అని ప్రత్యేకంగా ఒక మాట ఇచ్చింది. తెలుగులో అంతకంటె చక్కని మాట వుంది. అది పొత్తు. ఈనాడు పొత్తు అంటే రెండు రాజకీయ పక్షాల మధ్య సీట్ల బేరం గుర్తుకు వస్తుంది. పాత వాడుకలో పొత్తు కుడవడమంటే కలిసి తినడం. పొత్తుల సొమ్ము అంటే ఉమ్మడి సొమ్ము. స్నేహమూ పొత్తే, వ్యాపార భాగస్వామ్యమూ పొత్తే. లాటిన్ మాట నడిచిన దారినే, దానితో ఎటువంటి సంబంధమూ లేకుండా, తెలుగు మాటా నడిచింది. కలిసి తినడం, కలిసి పనిచేయడం, కలిసి లాభనష్టాలు పంచుకోవడం అనేవి మానవసమాజంలో ఒకదాని వెంట ఒకటి వచ్చిన సంగతులు గనుకనే రెండు వేరు వేరు కుటుంబాల భాషలు ఒకే ముద్ర వేశాయి.

కాని మన పొత్తుకు ఒక పెద్ద గోడ అడ్డం వచ్చింది. ఎవరు ఎవరితో కలిసి కూర్చుని తినవచ్చునో కులం నిర్ణయించింది. పంట పండించడానికి పొత్తు అవసరమైంది, ఆ పంట తినేటప్పుడు బంతి వేరైంది. ఈ స్థితిలో పన్నెండవ శతాబ్దిలో పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడంటే అది భోజనానికి సంబంధించిన సంస్కరణ మాత్రమే కాదు. అన్ని కులాలవారు ఒకే చాప మీద కూర్చుని తినడమంటే, ఒకే సైన్యంగా నిలబడగలగడానికి ముందు ఒకే బంతిగా కూర్చోవాలని గుర్తించడం. శ్రీనాథుని పేర వున్న పల్నాటి వీరచరిత్ర, ఏటా కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవం ఆ జ్ఞాపకాన్ని నిలిపాయి. రొట్టెను పంచుకున్న సిపాయికీ, చాపకూడు తిన్న పల్నాటి వీరుడికీ మధ్య వేల మైళ్ల దూరం వుంది గాని అర్థంలో దూరం లేదు. అయితే చాపకూడు నేడు ఉత్సవంగా మిగిలింది. ఊరిలో బంతులు వేరుగానే చాలాకాలం సాగాయి.

వర్తకుల విషయం వేరు. కాకతీయుల కాలపు శాసనాలలో వర్తక శ్రేణులకు 'నకరం' అనీ, 'పెక్కండ్రు' అనీ పేర్లు కనిపిస్తాయి. పెక్కండ్రు అంటే పలువురు. ఒకడి సొమ్ము కాదు, పలువురి కట్టుబాటు అని ఆ పేరే చెబుతుంది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన సరుకు ఇకమీదట రాజు లాక్కోడని విదేశ వర్తకులకు మాట ఇచ్చాడు. దీన్నిబట్టి వర్తకం, వర్తక సంఘం మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్యలు కావని స్పష్టం. వారు తెచ్చింది మరొకటి.

4

అదేమిటో తెలియాలంటే ఇటలీ మీదుగా పోవాలి. పదమూడు, పద్నాలుగు శతాబ్దులలో ఫ్లారెన్సు నగరపు షావుకారు కుటుంబాలు తమ ఉమ్మడి వ్యాపారాన్ని 'కంపాన్యియా' అన్నాయి. బార్డీ, పెరూజీ కుటుంబాలు వాటిలో పేరుమోసినవి. ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డుకు అప్పులిచ్చి, అవి తిరిగిరాక, 1343లో పెరూజీ, 1346లో బార్డీ దివాలా తీశాయి. ఇక్కడ మనకు కావలసిన విషయం ఒకటే. ఆ భాగస్తులు లాభాన్ని పంచుకున్నట్టే అప్పునూ పంచుకున్నారు. వ్యాపారం మునిగితే ఇల్లు, పొలం కూడా మునిగేది. రొట్టె పంచుకున్నవారు ఆకలి కూడా పంచుకోవలసిందే అనే పాత నీతి ఇంకా చావలేదు.

లండను వర్తకులు దీన్ని మార్చారు. 1555లో మస్కొవీ కంపెనీకి రాజపత్రం వచ్చింది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండను వర్తకుల మరో బృందానికి తూర్పుదేశాల వర్తకంపై గుత్తాధికారం రాసి ఇచ్చింది. 1602లో డచ్చివారు తమ కంపెనీ పెట్టి వాటాలను బజారులో అమ్మకానికి పెట్టారు. ఇక రొట్టె పంచుకునేవారు ఒకరి మొగం ఒకరు చూడనక్కరలేదు. వాటా వుంటే చాలు. కలిసి తినడం పోయి, వాటా తీసుకోవడం వచ్చింది.

ఈ కొత్త జీవి తెలుగునేల మీద అడుగు పెట్టింది మచిలీపట్నంలో. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు అక్కడ స్థావరాలు పెట్టారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట అనే పేర్లు ఆ ఊరిలో దానికి సాక్ష్యం. మనవాళ్లు కంపెనీని 'కుంఫిణీ' అన్నారు. అంతటితో ఆగలేదు, 'కుంఫిణీవారు' అన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి చేసిన కాశీయాత్ర చరిత్రలో ఈ మాట వాడుక మాటగా కనబడుతుంది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని కంపెనీని ఒక మనిషిగా గుర్తించడానికి ఇంగ్లండు న్యాయస్థానాలు పుట్టెడు వాదాలు చేసిన తరువాత ఒప్పుకున్న సంగతిని, తెలుగు వ్యాకరణం గౌరవవాచకం తగిలించి ముందే ఒప్పుకుంది! శిస్తు వసూలు చేసేవాడు, శిక్ష వేసేవాడు, బయానా ఇచ్చి బట్ట నేయించుకునేవాడు మనిషి గాక మరేమవుతాడు? అయితే ఆ మనిషికి మొగం లేదు. మొర పెట్టుకుందామంటే వుండేది సముద్రానికి అవతల.

ఇంజరం, మాధవాయపాలెం వంటి చోట్ల కుంఫిణీవారు నేతగాళ్లకు బయానాలిచ్చి బట్ట నేయించారు. నర్సాపురం పక్కనున్న మాధవాయపాలెం ఇంగ్లీషువారి నోట 'మడపోలం' అయి ఒక రకం బట్టకే పేరయింది. ఆ బట్ట నేసిన మనిషి పేరు ఏ నిఘంటువులోనూ లేదు. బయానా తీసుకున్న సాలె మరొకరికి నేయరాదు. కొన్నవాడే ధర నిర్ణయిస్తాడు. పద్దెనిమిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో ఉత్తర కోస్తా నేతగాళ్లు దీన్ని పలుమార్లు ఎదిరించారు. సిపాయిల కథ కూడా ఇటువంటిదే. కుంఫిణీ తొలిరోజుల్లో తెలుగుదేశంలో చేర్చుకున్న సిపాయిలను బట్టి ఉత్తర హిందూస్థానంలో సిపాయి అన్నవాడికల్లా 'తిలంగా' అనే పేరు స్థిరపడింది. 1765, 66లలో ఉత్తర సర్కారులు కుంఫిణీకి దఖలు పడ్డాయి. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు విజయరామరాజు దానితో పోరాడి చనిపోయాడు. 1800లో రాయలసీమ దత్తమయింది. బట్ట ఇచ్చినవారు, సిపాయినిచ్చినవారు, చివరికి నేలను కూడా ఇచ్చుకున్నారు.

1833 నాటి రాజపత్రచట్టం కుంఫిణీ వర్తకాన్ని ఆపించింది. అప్పటినుంచి అది వర్తకం చేయని వర్తక సంఘం, పాలన ఒక్కటే దాని పని. మరి వాటాదారులు? వారికి ఏటా నూటికి పదిన్నర చొప్పున లాభం హిందూదేశపు రాబడి నుంచి నలభై ఏళ్ల పాటు ఇస్తామని పార్లమెంటు హామీ ఇచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లో, నందననామ సంవత్సరంలో, అనగా 1832, 33లలో గుంటూరు సీమను డొక్కల కరువు పట్టుకుంది. తెలుగువారి జ్ఞాపకంలో అంతటి కరువు మరొకటి లేదు. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. ఒకవైపు తినడానికి గింజ లేని రైతు, మరొకవైపు అతని నేల రాబడి మీద లెక్క తప్పకుండా పదిన్నర వంతు తీసుకునే దూరదేశపు వాటాదారు. రొట్టె పంచుకునేవాడు అనే మాటకు చరిత్రలో ఇంతకంటె క్రూరమైన వెక్కిరింత ఎక్కడ దొరుకుతుంది? 1858లో పాలన పోయినా, ఆ లాభాల చెల్లింపు 1874లో కుంఫిణీ రద్దయ్యేదాకా సాగింది.

5

నైజాం రాజ్యంలో కుంఫిణీ నేరుగా పాలించలేదు గనుక తెలంగాణకు ఈ అనుభవం లేదనుకోవడం తప్పు. ఇక్కడ అది వేరే వేషంలో వచ్చింది. 1814 ప్రాంతాన హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థ మొదలైంది. గవర్నర్ జనరల్ హేస్టింగ్సు పెంచిన అమ్మాయిని పెళ్లాడిన రంబోల్డు దానిలో భాగస్తుడు. చందూలాల్ నడిపిన ప్రభుత్వానికి అది అప్పులిస్తూ పోయింది. 1820లో ఇచ్చిన అప్పు అరవై లక్షలు. ఆ అప్పులకు జిల్లాల శిస్తు రాబడి తాకట్టు. రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఈ గుట్టు బయటపెట్టాడు. 1824లో పామర్ కంపెనీ కూలిపోయింది. రాజ్యం అప్పులలోనే మిగిలింది.

రెండవ ఉదాహరణ బొగ్గు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు వుందని విలియం కింగ్ కనుగొన్నాడు. 1886లో లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే పేరుతో ఒక సంస్థ ఏర్పడి గనుల హక్కు సంపాదించింది. ఆ వాటాల వ్యవహారంలో జరిగిన గోల్‌మాల్ ఎంతదాకా పోయిందంటే, 1888లో ఇంగ్లండు పార్లమెంటు విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. బొగ్గు ఇంకా పూర్తిగా పైకి రాకముందే దాని పేరు మీద లండను బజారులో లాభాలు పండాయి! 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నైజాం ప్రభుత్వం పెద్ద వాటా కొనడంతో ప్రభుత్వ సంస్థ అయింది. సింగరేణి కార్మికుడు ఇప్పటికీ తన యాజమాన్యాన్ని 'కంపెనీ' అనే అంటాడు. 'కంపెనీ క్వార్టరు', 'కంపెనీ దవాఖాన'. భూమి లోపలికి దిగిన మనుషులు ఒకరి సద్ది ఒకరు పంచుకుంటారు, ఆ పొత్తుకు మాత్రం కంపెనీ అనే పేరు లేదు.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. లాటిన్ 'కంపానియో'యే జర్మన్ భాషలో 'కుంపెల్' అయింది. రూర్ బొగ్గుగనుల ప్రాంతంలో కుంపెల్ అంటే గని కార్మికుడు, తోటి పనివాడు. ఒకే తల్లి బిడ్డలలో ఒకటి రూర్‌లో గనిలోకి దిగింది, మరొకటి ఇల్లెందులో గనికి యజమాని అయింది. ధాతువులోనే అర్థం వుందనేవారు దీనికి ఏం సమాధానం చెబుతారు?

6

పందొమ్మిదవ శతాబ్దిలో కంపెనీకి చట్టం కొత్త శరీరం ఇచ్చింది. 1844లో ఇంగ్లండులో ఉమ్మడి వాటాల కంపెనీల చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరు రాయించుకుంటే చాలు, కంపెనీ పుడుతుంది. 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది. వాటాదారు పెట్టిన సొమ్ము మించి ఒక్క పైసాకు కూడా బాధ్యుడు కాడు. మనదేశంలో 1850, 1857 చట్టాలు ఇదే దారి తొక్కాయి. బార్డీ, పెరూజీల నాటి నీతి అక్కడితో ముగిసింది. లాభానికి హద్దు లేదు, నష్టానికి హద్దు వుంది. ఆ హద్దు దాటిన నష్టం ఎక్కడికీ పోదు. సరుకు అప్పిచ్చినవాడి మీద, జీతం బాకీ వున్న పనివాడి మీద, ఫ్యాక్టరీ పక్కన కాపురమున్న వాడి మీద పడుతుంది.

1896లో తీర్పు వచ్చిన సాలమన్ కేసు ఈ కథలో మలుపు. ఆరన్ సాలమన్ లండనులో బూట్లు చేయించే వ్యాపారి. కంపెనీ పెట్టడానికి ఏడుగురు కావాలి. తాను, భార్య, అయిదుగురు పిల్లలు కలిసి ఏడుగురయ్యారు. మొత్తం 20,007 వాటాలలో అతనివి 20,001, తక్కినవారికి తలా ఒకటి. వ్యాపారం మునిగింది. అప్పులవాళ్లు అతన్ని పట్టుకోబోతే ప్రభువుల సభ అడ్డుపడింది. కంపెనీ వేరు, సాలమన్ వేరు అన్నది. కంపెనీ స్వతంత్రమైన వ్యక్తి! మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ఏకవ్యక్తి కంపెనీకి అనుమతి ఇచ్చింది. కలిసి రొట్టె తినేవారు అనే మాట ఒంటరిగా తినేవాడికి పేరయింది. పెక్కండ్రుతో మొదలైన దారి ఏకవ్యక్తి దగ్గరకు చేరింది.

దీనిని మాటల చమత్కారం అని కొట్టిపారేయడానికి వీలులేదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలమందిని చంపింది. చచ్చినవారు మనుషులు. చంపినది చట్టం దృష్టిలో 'వ్యక్తి' అయిన ఒక కంపెనీ. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2001లో ఆ కంపెనీని మరొక కంపెనీ కొనుక్కుంది. పాత పాపం తమది కాదని కొత్తవారు వాదించారు. మనిషికి వున్న హక్కులన్నీ పొంది, మనిషికి వుండే ఆకలి, చావు, సిగ్గు లేకుండా బతకగల వ్యక్తి ఇతడు. కుంఫిణీవారు అని మనవాళ్లు గౌరవవాచకం పెట్టినది ఇతనికే.

7

ఇక మా వాడల సంగతి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కంపెనీలలో పనిచేసేవాడు 'మా కంపెనీ' అంటాడు. మా తరగతిలో చదివే పిల్లలలో సగానికి సగం ఈ వాడలవారే. 'మా నాయన కంపెనీ' అంటే నాయన సొంతదారని కాదు, పనివాడని అర్థం. ఈ 'మా' అనే మాటలో ఎంత నిజం వుందని ఒకనాడు వాళ్లనే అడిగాను. ఒక అమ్మాయి, 'నాయన కంపెనీలో పనిచేస్తడు గని కంపెనీ మనిషి కాదు సార్, కాంట్రాక్టరు మనిషి' అంది. సమాజశాస్త్ర గ్రంథాలు పది పేజీలలో చెప్పే విషయం ఆ ఒక్క వాక్యంలో వుంది.

కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం 1970లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా, ఆ కార్మికులు తమంతట తామే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక కాగితం మీద సంతకం చేసి కంపెనీ వ్యక్తి కావచ్చు. ఇరవై ఏళ్లు ఒకే యంత్రం ముందు నిలబడ్డ మనిషి మాత్రం కంపెనీవాడు కాలేడు.

దీనికి తోడు నేల ప్రశ్న వచ్చింది. ఊరి అంచున పెట్టిన ఈ వాడలు ఇప్పుడు ఊరి నడుమ వున్నాయి. మెట్రో రైలు వచ్చింది, స్థలం విలువ పెరిగింది. ఔటర్ రింగురోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకునే విధానాన్ని 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కాలుష్యం పోవాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం వుండదు. కాని కంపెనీ మూతపడితే స్థలం సొంతదారుకు మిగులుతుంది, పనివాడికి ఏం మిగులుతుంది అనే ప్రశ్న అడగకుండా అభివృద్ధి గురించి మాట్లాడడం సగం లెక్క చెప్పడమే.

రొట్టె కథ గనుక మరొక్క సంగతి. 1965లో కేంద్రప్రభుత్వం మోడర్న్ బేకరీస్ అనే కంపెనీ పెట్టి జనానికి రొట్టె అమ్మింది. ప్రభుత్వ కంపెనీలను వాటాలతో సహా ప్రయివేటు యాజమాన్యానికి అప్పగించే విధానం మొదలైనప్పుడు, 2000 జనవరిలో, మొట్టమొదట అమ్ముడుపోయింది ఆ రొట్టె కంపెనీయే. నూటికి 74 వాటాలు హిందూస్థాన్ లీవర్ తీసుకుంది. కావాలని కల్పించినా ఇంతగా కుదరదు.

8

అయితే ఈ చరిత్ర అంతా ఒకవైపుకే పోలేదు. 1844లో కంపెనీల చట్టం వచ్చిందని పైన చెప్పాను. అదే 1844 డిసెంబరులో ఇంగ్లండులోనే రాచ్‌డేల్ అనే ఊరిలో కొందరు నేతగాళ్లు, ఇతర పనివాళ్లు కలిసి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్మే ఒక చిన్న దుకాణం తెరిచారు. ఆధునిక సహకారోద్యమానికి అది నాంది. వాటా ఎంతయినా ఓటు ఒక్కటే అన్నది వారి సూత్రం. మాట పోయినా అర్థం బతికి మరోచోట మొలకెత్తడమంటే ఇదే. మనవైపు ఒకప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు ఆ వరుసలోది. 2002లో సవరించిన కంపెనీల చట్టం పదిమంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చునన్నది, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటు ఇచ్చింది. వీటిని సోషలిజం అనుకోవడం భ్రమ. బజారు చట్టాలు, అప్పు చట్టాలు, ఊళ్లోని పెద్దకులాల పెత్తనం వీటినీ వదలవు. 'పొత్తుల మగడు పుచ్చి చచ్చాడు' అని మన సామెత ఊరకే పుట్టలేదు. అందరిదీ అన్నది ఎవరిదీ కాకుండా పోకుండా చూసుకోవడం నేర్వవలసిన విద్య. నేర్వరాని విద్య మాత్రం కాదు.

మాటల విషయంలో కూడా అంతే. ఇటలీ కమ్యూనిస్టులు ఒకరినొకరు 'కంపాన్యో' అని పిలుచుకున్నారు. దక్షిణ అమెరికా ఉద్యమాలలో అది 'కొంపన్యేరో'. ఇవి మన కంపెనీకి తోబుట్టువులు. మనం వాడే 'కామ్రేడ్' ఒకే గదిలో వుండేవారు అనే స్పానిష్ మాట నుంచి వచ్చింది. రష్యన్ 'తవారిష్' మొదట్లో సరుకు వర్తకంలో భాగస్తుడికి పేరు. షావుకారుల మాటను విప్లవకారులు తీసుకున్నారు, సిపాయిల మాటను షావుకారులు తీసుకున్నారు. మాట ఎవరి చేతికి దక్కుతుందన్నది నిఘంటువు తేల్చే విషయం కాదు. తెలంగాణ పల్లెలు 1940లలో ఆంధ్రమహాసభను 'సంగం' అన్నాయి. బౌద్ధుల సంఘం పల్లె నోట సంగమై, దొరల గడీ ముందు నిలబడింది. ఆ మాటను ఏ పండితుడూ కల్పించి ఇవ్వలేదు. వెట్టి మాన్పించుకోవడానికి కలిసినవారు తమ అవసరం కొద్దీ తయారు చేసుకున్నారు.

కనుక కంపెనీ అనే మాటను భాషలోంచి వెళ్లగొట్టనక్కరలేదు. దాని చరిత్ర తెలిసి వాడితే చాలు. నాచారం షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు ఒడియావాడు, బీహారువాడు, నల్లగొండవాడు తమ డబ్బాలు మధ్యన పెట్టుకుని పంచుకు తింటారు. మాట మొదటి అర్థానికి కంపెనీ అంటే అక్కడ కూర్చున్నవాళ్లు. గోడమీద బోర్డు రాయించినవారు రెండవ అర్థానికి కంపెనీ. ఈ రెండు అర్థాల మధ్య వున్నది వ్యాకరణ సమస్య కాదు, వర్గ సమస్య. డబ్బాలు పంచుకున్నవారు హాజరు రిజిస్టరు ముందు, జీతం స్లిప్పు ముందు కూడా ఒకటిగా నిలబడగలిగినప్పుడు గాని అది తేలదు.

తెలుగు చెప్పుకునేవారిగా మనం చేయగలిగిన పని ఒకటి వుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు 1962లో వ్యవసాయపు మాటలను, 1971లో చేనేత మాటలను కూర్చి ఇచ్చాయి. ఆ దారిలోనే ఉప్పల్, నాచారం, చర్లపల్లి వాడలలో పనివాళ్ల నోట నలిగే మాటలను, ఒడియా, హిందీ, ఉర్దూ, తెలుగు కలిసి కొత్తగా పుడుతున్న మాటలను విద్యార్థులు, అధ్యాపకులు కలిసి సేకరించాలి. ఏ మాటను ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ పనిలో అన్నారు అన్నవి కూడా రాసుకోవాలి. వాడలు అపార్టుమెంట్లుగా మారిన తరువాత ఆ మాటలు వినడానికి అక్కడ మనుషులుండరు. సెలవులలో ఈ పని మొదలుపెట్టడానికి ముందుకు వచ్చే విద్యార్థులు వుంటే మా కళాశాలలో మేము కొందరం వారితో కలిసి తిరగడానికి సిద్ధంగా వున్నాము.